‘సూపర్‌నేచురల్’ స్పిన్-ఆఫ్: అభిమానులు అడిగేది ఏమిటి, ఛానెల్ చూసేది ఏమిటి

పదిహేను సీజన్లు, 327 ఎపిసోడ్లు నడిచిన అమెరికన్ టీవీ సిరీస్ ‘సూపర్‌నేచురల్’ 2020 నవంబరు 19న ముగిసింది. దయ్యాలను, పిశాచాలను వేటాడుతూ ఒక పాత నల్ల కారులో దేశమంతా తిరిగే సామ్, డీన్ వించెస్టర్ అనే అన్నదమ్ముల కథ అది. ముగిసి ఏళ్లు గడిచినా, ఆ కథాలోకం నుంచి మరో సిరీస్ రాబోతోందన్న మాట మాత్రం సద్దుమణగలేదు. నటుల్లో ఎవరో ఒకరు అవకాశం వస్తే మళ్లీ చేస్తామని ఒక వేదిక మీద అనడం, అది వార్త కావడం, ఆ వార్త చేతులు మారేసరికి స్పిన్-ఆఫ్ ఖాయమైపోయినట్టు వినిపించడం ఏటా జరుగుతున్నదే.

ఈ ఆశ గాలిలోంచి పుట్టింది కాదు. 2014లో, 2018లో, 2022లో మూడు స్పిన్-ఆఫ్ ప్రయత్నాలు నిజంగానే జరిగాయి. మొదటి రెండూ సిరీస్‌గా మొదలు కాకుండానే ఆగిపోయాయి. మూడోది ఒక్క సీజన్‌తో సరిపెట్టుకుంది. అదే కాలంలో, ‘సూపర్‌నేచురల్’ను ప్రసారం చేసిన సీడబ్ల్యూ ఛానెల్‌లోనే, ‘ద వాంపైర్ డైరీస్’ అనే మరో అతీంద్రియ కథకు ఒక స్పిన్-ఆఫ్, దానికి మళ్లీ ఇంకో స్పిన్-ఆఫ్ పుట్టి ఏళ్ల తరబడి నడిచాయి. కాబట్టి ‘సూపర్‌నేచురల్’కు అభిమానులు చాలలేదనో, ఛానెల్‌కు ఇలాంటి కథలు గిట్టవనో చెప్పి ఊరుకోవడం కుదరదు. చిక్కు రెండుచోట్ల ఉంది. ఒకటి, కథలో విడదీయడానికి వీలైన భాగం ఎంత అన్నది. రెండోది, ఆ భాగానికి డబ్బు పెట్టే నిర్ణయం ఎవరి చేతిలో ఉన్నదన్నది.

ఏది స్పిన్-ఆఫ్, ఏది కాదు

ఒక సిరీస్‌లోని పాత్రనో, ఊరినో, ఒక కుటుంబాన్నో బయటకు తీసి, దానికే సొంత కథానాయకత్వం ఇచ్చి నడిపే కొత్త సిరీస్‌ను స్పిన్-ఆఫ్ అంటారు. కథ ముగిసిన చోటు నుంచి అవే ప్రధాన పాత్రలతో ముందుకు సాగేది సీక్వెల్. ముందటి కాలానికి వెళ్లి తల్లిదండ్రుల కథో, తొలినాళ్ల కథో చెప్పేది ప్రీక్వెల్. ఇది ఒకరకంగా స్పిన్-ఆఫ్ కూడా. పాత కథను పక్కన పెట్టి, అదే ఊహను కొత్త పాత్రలతో మొదటి నుంచి చెప్పేది రీబూట్. 2018లో వచ్చిన ‘చార్మ్‌డ్’ ఇటువంటిదే. వార్తల్లో ఈ నాలుగూ తరచూ కలగలిసిపోతాయి. సామ్, డీన్ మళ్లీ తెర మీద కనిపించాలని కోరుకునే ప్రేక్షకుడు అడుగుతున్నది నిజానికి సీక్వెల్. దాన్ని స్పిన్-ఆఫ్ అని పిలవడం వల్లనే సగం గందరగోళం మొదలవుతుంది.

మరో మాట బ్యాక్‌డోర్ పైలట్. కొత్త సిరీస్ కోసం తీసే నమూనా ఎపిసోడ్‌ను పైలట్ అంటారు. దాన్ని విడిగా తీయకుండా, ఇప్పటికే నడుస్తున్న సిరీస్‌లో ఒక ఎపిసోడ్‌గా తీసి ప్రసారం చేస్తే అది బ్యాక్‌డోర్ పైలట్. పైలట్ నచ్చకపోతే దానిమీద పెట్టిన డబ్బు బూడిదలో పోసినట్టే; ఈ పద్ధతిలో అయితే ఆ ఎపిసోడ్ ఎలాగూ ప్రసారమై పాత సిరీస్ లెక్కలో కలిసిపోతుంది. మన తెలుగు ఛానెళ్లలో రెండు సీరియళ్ల కుటుంబాలను ఒకే పెళ్లిలోనో జాతరలోనో కలిపి చూపే మహాసంగమానికి ఇది పైకి దగ్గరగా కనిపిస్తుంది. అయితే మహాసంగమంలో రెండు సీరియళ్లూ ముందే నడుస్తుంటాయి, రెండువైపులా ప్రేక్షకులు ఉంటారు. బ్యాక్‌డోర్ పైలట్‌లో రెండో వైపు ఇంకా ఎవరూ ఉండరు.

స్టూడియోది సొత్తు, ఛానెల్‌ది వేళ

‘సూపర్‌నేచురల్’ కథ మీద హక్కు వార్నర్ బ్రదర్స్ టెలివిజన్ స్టూడియోది. దాన్ని ప్రసారం చేసింది మొదట ద డబ్ల్యూబీ, 2006 నుంచి సీడబ్ల్యూ. స్టూడియో సిరీస్‌ను తయారు చేస్తుంది, ఛానెల్ రుసుము కట్టి ప్రసారం చేస్తుంది. ఈ ఇద్దరూ వేర్వేరన్నది తెలియడానికి ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ మంచి ఉదాహరణ. 1997లో డబ్ల్యూబీలో మొదలైన ఆ సిరీస్ నుంచి 1999లో ‘ఏంజెల్’ పుట్టింది. రెండేళ్లు ఒకే ఛానెల్‌లో పక్కపక్కనే నడిచాయి. 2001లో రుసుము దగ్గర పేచీ వచ్చి ‘బఫీ’ని యూపీఎన్ ఎగరేసుకుపోయింది, ‘ఏంజెల్’ మాత్రం పాత చోటే ఉండిపోయింది. కథలో ఒకే లోకం, స్టూడియో ఒక్కటే, కానీ ఛానెళ్లు పోటీదారులు. అప్పటిదాకా తేలికగా అటూ ఇటూ తిరిగిన పాత్రలకు ఆ తరువాత రాకపోకలు కష్టమయ్యాయి. పిశాచాలకు లేని సరిహద్దు ఒప్పందాలకు ఉంటుందన్నమాట.

ఒక ఆలోచన తెర మీదికి రావడానికి దాటవలసిన మెట్లు కూడా ఉన్నాయి. 2022లో వచ్చిన ‘ద వించెస్టర్స్’నే తీసుకుంటే, సిరీస్ రూపకల్పనలో ఉందన్న వార్త 2021 జూన్‌లో వచ్చింది. పైలట్ తీయడానికి ఛానెల్ 2022 ఫిబ్రవరిలో ఒప్పుకుంది. పైలట్ చూశాక సిరీస్‌కు మే నెలలో పచ్చజెండా ఊపింది. మొదటి ఎపిసోడ్ అక్టోబరు 11న ప్రసారమైంది. అంటే తొలి వార్తకూ తొలి ప్రసారానికీ మధ్య పదిహేను నెలలకు పైగా పట్టింది, ఆ మధ్యలో ఏ మెట్టు దగ్గరైనా ఆగిపోయే వీలుంది. రూపకల్పనలో ఉన్నదన్న మాటకు అర్థం ఎవరో స్క్రిప్ట్ రాస్తున్నారనే తప్ప, సిరీస్ వస్తున్నదని కాదు.

ఇక సీడబ్ల్యూ ఎందుకు అలా ప్రవర్తించిందో తెలియాలంటే దాని యజమానుల సంగతి చూడాలి. 2022 వరకు అది సీబీఎస్, వార్నర్ సంస్థలు సగం సగం పంచుకున్న ఛానెల్. ఛానెల్‌గా దానికి పెద్దగా లాభం లేకపోయినా, అందులో నడిచే సిరీస్‌లను తయారు చేసేది ఎక్కువగా ఆ యజమానుల స్టూడియోలే కాబట్టి, విదేశీ అమ్మకాల నుంచి, నెట్‌ఫ్లిక్స్ వంటి వేదికల నుంచి డబ్బు వేరే దారిలో వచ్చేది. 2011లో నెట్‌ఫ్లిక్స్‌తో కుదిరిన ఒప్పందం ఆ ఏర్పాటుకు వెన్నెముక; కొత్త సిరీస్‌లకు ఆ ఒప్పందం 2019లో ఆగింది. 2022 అక్టోబరులో నెక్స్‌టార్ అనే ప్రసార సంస్థ 75 శాతం వాటా తీసుకుంది. దానికి తన సొంత స్టూడియోల నుంచి రావలసిన అమ్మకాలంటూ లేవు. ఛానెల్ తన కాళ్ల మీద తాను నిలబడాలన్నదే లెక్క. ఖరీదైన కాల్పనిక సిరీస్‌ల స్థానంలోకి క్రీడలు, బయటి నుంచి చవకగా కొన్న సిరీస్‌లు వచ్చాయి. ఈ మార్పు జరిగిన వారానికే ‘ద వించెస్టర్స్’ మొదలైంది. దాని జాతకం అక్కడే సగం రాసి ఉంది.

విడదీయగల భాగం: ఒకచోట ఫలించి, మరోచోట బెడిసికొట్టిన వైనం

డబ్బు లెక్క ఒక్కటే అయితే 2014 నాటి వైఫల్యానికి సమాధానం దొరకదు, అప్పటికి పాత యజమానులే ఉన్నారు. ఒక ఏడాది తేడాతో అదే ఛానెల్ వేసిన రెండు బ్యాక్‌డోర్ పైలట్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే కథ వైపు కారణం కనిపిస్తుంది.

2013 ఏప్రిల్ 25న ‘ద వాంపైర్ డైరీస్’ నాలుగో సీజన్ ఇరవయ్యో ఎపిసోడ్ ‘ది ఒరిజినల్స్’ కోసం బ్యాక్‌డోర్ పైలట్‌గా వచ్చింది. మర్నాడే ఛానెల్ సిరీస్ ప్రకటించింది. అందులోని క్లాస్, అతని తోబుట్టువులు అప్పటికి రెండేళ్లుగా ప్రేక్షకులకు తెలిసినవారు. వెయ్యేళ్ల కుటుంబ చరిత్ర, తెగని పగలు, పోగొట్టుకున్న ఒక నగరం వారికి ఉన్నాయి. ఆ నగరం న్యూ ఆర్లీన్స్. పాత కథ నడిచే చిన్న ఊరికి వారు ఎప్పుడూ బయటివారే కాబట్టి, వారిని అక్కడి నుంచి తీసేస్తే రెండు వైపులా కథ నిలబడింది. ఆ సిరీస్ ఐదు సీజన్లు నడిచింది. దాని నుంచి పుట్టిన ‘లెగసీస్’ మరో నాలుగు సీజన్లు నడిచింది.

2014 ఏప్రిల్ 29న ‘సూపర్‌నేచురల్’ తొమ్మిదో సీజన్‌లో, అదీ ఇరవయ్యో ఎపిసోడ్‌గానే, ‘బ్లడ్‌లైన్స్’ వచ్చింది. షికాగో నగరాన్ని తెర వెనుక నుంచి ఏలే ఐదు రాక్షస కుటుంబాలు, ఆ కుటుంబాల మధ్య ఒక ప్రేమజంట, కాబోయే భార్యను పోగొట్టుకున్న ఎన్నిస్ అనే యువకుడు, ఇదీ దాని సరంజామా. వీళ్లలో ఒక్కరినీ ప్రేక్షకుడు అంతకు ముందు చూసి ఉండలేదు. పైగా తొమ్మిదేళ్లుగా రాక్షసులను రహదారుల పక్క, పాడుబడిన కొట్టాల్లో, చిన్న ఊళ్లలో చూపించిన సిరీస్ ఒక్కసారిగా సూట్లు వేసుకున్న మాఫియా కుటుంబాలుగా చూపించింది. సామ్, డీన్ ఆ ఎపిసోడ్‌లో చుట్టాల్లా వచ్చి వెళ్లిపోయారు. మే నెలలో ఛానెల్ వద్దనేసింది. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టిన అభిమానులు కూడా తక్కువే.

ఇక్కడ ‘సూపర్‌నేచురల్’ నిర్మాణంలోనే ఒక ఇబ్బంది ఉంది. అది ప్రయాణం మీద నడిచే కథ. ప్రతి వారం కొత్త ఊరు, కొత్త మనుషులు. అన్నదమ్ములతో చెలిమి చేసినవారిలో చాలామంది చనిపోతారు. ఆ నష్టాలే వారిద్దరి బంధాన్ని బిగించేవి, కథకు బలమూ అవే. కానీ అదే అలవాటు స్పిన్-ఆఫ్‌కు కావలసిన ముడిసరుకును ఎప్పటికప్పుడు ఊడ్చేసింది.

జోడీ ఇల్లు: ‘వేవార్డ్ సిస్టర్స్’

ఆ ఊడ్పుకు తప్పించుకుని మిగిలిన చోటు ఒకటుంది. సౌత్ డకోటా రాష్ట్రంలోని సూ ఫాల్స్ పట్టణంలో షెరీఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి అయిన జోడీ మిల్స్ ఇల్లు. కిమ్ రోడ్స్ పోషించిన ఈ పాత్ర 2010లో, ఐదో సీజన్‌లో, ఒక్క ఎపిసోడ్ అవసరం కోసం వచ్చింది. చనిపోయిన కొడుకు తిరిగి లేచి వస్తే, ఆ సంతోషం నిలవకముందే కొడుకునూ భర్తనూ ఇద్దరినీ పోగొట్టుకున్న తల్లి. 2014లో వాంపైర్ల మధ్య పెరిగిన అలెక్స్ అనే అమ్మాయిని ఆమె చేరదీసింది. అదే ఏడాది మరో షెరీఫ్ డానా హాన్స్‌కమ్ ఆమెకు స్నేహితురాలైంది. ఆ పాత్ర బ్రియానా బక్‌మాస్టర్‌ది. 2015లో క్లేర్ నొవాక్ ఆ ఇంటికి చేరింది. క్లేర్ తండ్రి శరీరాన్నే దేవదూత క్యాస్టియెల్ ఆవహించి వాడుకున్నాడు. అంటే ఆ పిల్లకు తండ్రి ముఖం కనిపిస్తుంది, తండ్రి మాత్రం లేడు. ప్రధాన కథ మిగిల్చిన నష్టాలన్నీ ఆ ఒక్క ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ చేరాయి. రచయితలు ముందే పథకం వేసి కట్టిన ఇల్లు కాదది. ఏళ్ల మీద దానంతట అది కుదురుకున్నది.

దీన్ని ముందు గుర్తుపట్టింది అభిమానులే. వీళ్ల మీద ఒక సిరీస్ కావాలని ‘వేవార్డ్ డాటర్స్’ పేరుతో ఉద్యమంలాంటిది నడిపారు. ఆ ఇద్దరు నటీమణులూ దానికి తోడై, టీషర్టుల అమ్మకంతో విరాళాలు సేకరించారు. ఆ కోరిక వెనుక ఒక ఫిర్యాదు కూడా ఉంది. ఈ సిరీస్ తన స్త్రీ పాత్రలను అన్నదమ్ముల దుఃఖానికి కారణం కల్పించడానికే చంపుతుందన్న విమర్శ చాలాకాలంగా ఉన్నది. 2015లో అన్నదమ్ముల స్నేహితురాలు చార్లీ పాత్రను చంపినప్పుడు అది ఆగ్రహంగా మారింది. చంపడానికి కాక బతకడానికి ఉన్న ఆడవాళ్ల కథ కావాలన్నది ఆ అడగడంలోని అసలు మాట.

2018 జనవరి 18న పదమూడో సీజన్ పదో ఎపిసోడ్‌గా ‘వేవార్డ్ సిస్టర్స్’ వచ్చింది. ‘బ్లడ్‌లైన్స్’ నుంచి రచయితలు పాఠం నేర్చుకున్నారనడానికి ఇందులో ఆనవాళ్లున్నాయి. భవిష్యత్తు తెలిసే పేషెన్స్‌ను, వేరే లోకాలు కలలో చూసే కాయాను అంతకు ముందు ఎపిసోడ్లలోనే పరిచయం చేశారు. పేషెన్స్ మొదటి సీజన్‌లోనే కనిపించిన మిజూరీ మోస్లీకి మనవరాలు. కథలో ఆపదలో చిక్కుకున్నది అన్నదమ్ములు. కాపాడింది ఈ ఆడవాళ్లు. బాధ్యత చేతులు మారడాన్ని కథే చూపించింది.

అయినా మే నెలలో సీడబ్ల్యూ కాదంది. ఛానెల్ అప్పటి అధ్యక్షుడు మార్క్ పెడోవిట్జ్ ఇచ్చిన వివరణ సారాంశం: సృజన పరంగా అది తాము ఆశించిన స్థాయికి చేరలేదు, ‘లెగసీస్’కు ఇంతకంటే మంచి అవకాశం ఉన్నదనిపించింది. ఆ ఏడాదే ‘చార్మ్‌డ్’ రీబూట్‌నూ ఛానెల్ తీసుకుంది. అతీంద్రియ కథలకు ఉన్న కొద్ది వేళలకు పోటీ గట్టిగా ఉన్నమాట నిజం. ఛానెల్ పక్షాన చెప్పదగినది మరొకటుంది: ఒక్క ఎపిసోడ్‌లో ఆరుగురిని నిలబెట్టబోయి ఎవరినీ పూర్తిగా నిలబెట్టలేకపోయిందన్న అభిప్రాయం ఆ ఎపిసోడ్‌ను మెచ్చుకున్నవారిలోనూ ఉంది. అభిమానుల వాదన ఇందుకు భిన్నం. పైలట్ అన్నది పునాది, భవనం కాదు, పునాదికి కావలసిన పరిచయం, ఇల్లు, గాయం ఇక్కడ ఉన్నంతగా ‘బ్లడ్‌లైన్స్’లో లేవు, ఒక సీజన్ ఇచ్చి చూడవలసింది అంటారు. నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. కాకపోతే ఆ బలం కథకు సంబంధించినది. ఒకే వేళ కోసం మూడు కథలు పోటీ పడినప్పుడు, ఇప్పటికే ఒకసారి స్పిన్-ఆఫ్‌గా గెలిచిన కుటుంబం మీద పందెం కాయడం ఛానెల్‌కు సులువు.

కథాచరిత్రతో ఢీకొన్న ‘ద వించెస్టర్స్’

మూడో ప్రయత్నం ప్రీక్వెల్. డీన్ పాత్రధారి జెన్సెన్ ఆకిల్స్, ఆయన భార్య డానీల్ తమ నిర్మాణ సంస్థ ద్వారా తెచ్చారు. షోరన్నర్, అంటే సిరీస్ మొత్తాన్ని నడిపించే ప్రధాన రచయిత, పాత సిరీస్ రచయితల్లో ఒకరైన రాబీ థాంప్సన్. 1972లో వియత్నాం నుంచి తిరిగొచ్చిన జాన్ వించెస్టర్ మేరీని కలుసుకుని, ఆమెతో కలిసి రాక్షసులను వేటాడతాడు. జాన్, మేరీలే సామ్, డీన్‌ల తల్లిదండ్రులు. ప్రకటన వచ్చిన రోజే రెండు వివాదాలు రేగాయి. సామ్ పాత్రధారి జేరెడ్ పాదలెకీ ఈ సంగతి తనకు ముందుగా తెలియదని బాహాటంగా బాధపడ్డారు. మర్నాటికే ఇద్దరూ మాట్లాడుకుని సర్దుకున్నారు. రెండో వివాదం అంత తేలికగా సర్దుకునేది కాదు. పాత సిరీస్ ప్రకారం మేరీ వేటగాళ్ల కుటుంబంలో పుట్టినా ఆ సంగతి జాన్ దగ్గర దాచిపెట్టింది. ఆమె చనిపోయాకే అతనికి రాక్షసుల లోకం తెలిసింది. మరి ఇద్దరూ కలిసి ఎలా వేటాడారు?

2023 మార్చి 7న వచ్చిన ముగింపు ఎపిసోడ్ దీనికి జవాబిచ్చింది: ఇది వేరే విశ్వం, ఈ జాన్, మేరీలు మనకు తెలిసినవారు కారు. చనిపోయి స్వర్గంలో ఉన్న డీన్ అక్కడి నుంచి బయలుదేరి ఇంకో లోకంలోనైనా తన తల్లిదండ్రులకు మంచి జీవితం దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడు. పాత కథను ముట్టుకోకుండా కొత్త కథకు స్వేచ్ఛ తెచ్చిన ఉపాయమని కొందరు మెచ్చారు. పన్నెండు వారాలు పట్టిపీడించిన అనుమానానికి పదమూడో వారం తలుపు తెరిస్తే, అప్పటికే చాలామంది వెళ్లిపోయి ఉంటారు కదా అన్నది ఎదుటివారి మాట. పదమూడు ఎపిసోడ్ల తరువాత మే నెలలో ఛానెల్ దాన్ని రద్దు చేసింది. వేరే వేదిక దొరకాలని అభిమానులు ప్రచారం చేశారు, కానీ ఆ నెల 2న మొదలైన రచయితల సమ్మె హాలీవుడ్‌ను స్తంభింపజేసింది. ఆ పరిస్థితుల్లో కొనేవారు దొరకలేదు.

ముగింపు నచ్చనివారు, నచ్చినవారు, మూడోవారు

ఇప్పుడు ఆశ పెట్టుకున్నవారంతా ఒకటే కోరుతున్నారనుకుంటే పొరపాటు. చివరి ఎపిసోడ్‌లో డీన్ ఒక కొట్టంలో వాంపైర్లతో తలపడుతూ స్తంభానికున్న ఇనుప చువ్వ దిగి చనిపోతాడు; సామ్ కొడుకుకు అన్న పేరు పెట్టుకుని, ముసలివాడై పోతాడు; ఇద్దరూ స్వర్గంలో కలుస్తారు. లోకాలను కాపాడినవాడికి ఇంత చిన్న చావా అని కోపగించినవారున్నారు. అంతకు రెండు వారాల ముందు డీన్‌తో తన ప్రేమను చెప్పుకుని ప్రాణం వదిలిన క్యాస్టియెల్ కథకు బదులు దొరకలేదని బాధపడినవారున్నారు. కోవిడ్ వల్ల 2020 మార్చిలో ఆగిన చిత్రీకరణ పరిమితుల మధ్య మళ్లీ మొదలై ముగిసింది కాబట్టి, అనుకున్నది పూర్తిగా తీయలేకపోయారన్న నమ్మకం కూడా ఈ వర్గానికి ఊతమిస్తుంది. వీరికి కావలసింది ఆ ముగింపును సరిదిద్దే సీక్వెల్.

రెండో వర్గానికి ముగింపు నచ్చింది. అన్నదమ్ములను మళ్లీ లేపితే వారి మరణానికి అర్థం పోతుందంటారు. చచ్చి బతకడం ఈ సిరీస్‌లో కొత్తా అని ఎవరైనా అడగవచ్చు గానీ, చివరిసారి చావడమే దాని విలువ అన్నది వారి జవాబు. మూడో వర్గం అన్నదమ్ములు లేకపోయినా ఆ లోకం చాలనేవారు: జోడీ ఇల్లు, వేటగాళ్లు, సామ్ కొడుకు. నిర్వచనం ప్రకారం స్పిన్-ఆఫ్ కోరుతున్నది ఈ మూడో వర్గమే, ముగ్గురిలో గొంతు చిన్నదీ వీరిదే. ఛానెల్‌కు చేరే మొత్తం కేకలో సింహభాగం సామ్, డీన్‌ల కోసం. ఆ కేక చూసి తీసిన స్పిన్-ఆఫ్‌లో వారిద్దరూ ఉండరు. మూడు ప్రయత్నాల్లోనూ ప్రకటన నాటి సందడికీ, ప్రసారం నాటి ఆదరణకూ పొత్తు కుదరకపోవడానికి ఇది ముఖ్యకారణమని నా అభిప్రాయం.

కలయిక వేరు, కొనసాగింపు వేరు

ఈమధ్య ఆశలకు కొత్త ఊపునిచ్చినది ‘ద బాయ్స్’. ‘సూపర్‌నేచురల్’ సృష్టికర్త ఎరిక్ క్రిప్కీయే దానికీ షోరన్నర్. ఆకిల్స్ అందులో మూడో సీజన్ నుంచి ఉన్నారు. ఐదో సీజన్‌లో పాదలెకీ, క్యాస్టియెల్ పాత్రధారి మిషా కాలిన్స్ కూడా చేరుతున్నట్టు 2025లో ప్రకటించారు. ముగ్గురూ ఒకే సిరీస్‌లో కనిపించడం అభిమానులకు పండుగే. అయితే అది సోనీ స్టూడియో తీసి అమెజాన్ ప్రసారం చేసే వేరే కథ. నటులు కలిసి పనిచేయడానికి సిద్ధంగా ఉన్నారని అది తెలుపుతుందే గానీ, వార్నర్ చేతిలోని హక్కులు ఒక్క అంగుళం కదిలాయని తెలపదు. పైగా ‘ద బాయ్స్’కు ప్రీక్వెల్‌గా ప్రకటించిన ‘వాట్ రైజింగ్’లో ఆకిల్స్ ప్రధాన పాత్రధారి. అలా ఆయన తేదీలు మరొకరి స్పిన్-ఆఫ్‌కు ముడిపడ్డాయి.

‘వేవార్డ్ సిస్టర్స్’ విషయానికొస్తే, ఆ ఎపిసోడ్ చివర చనిపోయినట్టు చూపిన కాయా బతికే ఉందని 2020లో చివరి సీజన్ వెల్లడించింది. సామ్, డీన్, జోడీ కలిసి ఆమెను ఇంటికి తీసుకొస్తారు. కాయా మరణానికి అందరికంటే ఎక్కువ కుమిలిన క్లేర్ మాత్రం ఆ ఎపిసోడ్‌లో కనిపించదు, వేరే ఊళ్లో ఉన్నదన్న మాటతో సరిపెట్టారు. ఆ పాత్ర పోషించిన క్యాథరిన్ న్యూటన్ 2018 జనవరి తరువాత ఈ సిరీస్‌లోకి తిరిగి రాలేదు. 2023 నాటికి ఆమె మార్వెల్ సినిమాలో యాంట్-మ్యాన్ కూతురు.